ర్యాంకు అడుగుతారు, కులం తెలుసుకుంటారు

బీటెక్ కంప్యూటర్ సైన్స్ తరగతిలో ఎవరూ ఎవరి కులమూ అడగరు. మొదటి వారంలో వినపడే ప్రశ్న ‘ర్యాంకెంత?’ అన్నదే. ఐదు వేలని చెప్పిన విద్యార్థిని ఇంకేమీ అడగరు. అరవై వేలని చెప్పినవాడు అదే సెక్షన్‌లో కూర్చున్నాడంటే ఏ దారిన వచ్చాడో పక్కవాడు క్షణంలో లెక్క కట్టేస్తాడు. ప్రైవేటు కళాశాలల్లో 30 శాతం సీట్లు మేనేజ్‌మెంట్ కోటావి. వాటికి కుల రిజర్వేషన్లు వర్తించవు. లక్షలు చెల్లించి అక్కడ చేరినవాడికి అంతకంటే పెద్ద ర్యాంకే ఉండవచ్చు. అతణ్ణి మాత్రం ఎవరూ ‘కోటా వాడు’ అనరు.

రిజర్వేషన్ల వ్యతిరేకులకే కాదు, మద్దతుదారులకు కూడా ఒక పొరపాటు అభిప్రాయం ఉంది. కౌన్సెలింగ్‌లో సీటు దొరకడంతో సామాజిక న్యాయం పని పూర్తయిందని, ఆ తర్వాతదంతా విద్యార్థి తెలివికి, కష్టానికి సంబంధించిన విషయమని అనుకుంటారు. పదిహేనేళ్లకు పైగా ప్రోగ్రామింగ్ బోధిస్తున్న అధ్యాపకుడిగా నేను చూసింది దీనికి భిన్నం.

గణితానికి కాగితం, పెన్ను ఉంటే సాధన సాగుతుంది. ప్రోగ్రామింగ్ అలా కాదు. రాయాలి, యంత్రం తప్పు చూపాలి, దిద్దాలి, మళ్లీ నడపాలి. యంత్రం ముందు గడిపిన గంటలే ఈ విద్యకు పెట్టుబడి. మొదటి ఏడాది సీ లాంగ్వేజ్ ల్యాబు సాధారణంగా వారానికి మూడు గంటలు. పదహారు వారాలు ఒక్క సెలవూ లేకుండా జరిగినా 48 గంటలు. ఒక్కో కంప్యూటరు ముందు ఇద్దరు కూర్చుంటే తలా 24. ఎనిమిదో తరగతి నుంచే ఇంట్లో ల్యాప్‌టాప్ ఉన్న పిల్లవాడు ఇన్ని గంటలు ఒక్క వేసవి సెలవుల్లోనే గడిపి ఉంటాడు. తండ్రో మేనమామో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉంటే వాడి సందేహం ఆ రాత్రే తీరుతుంది. ఈ గంటలు భూమిలాగే, ఇంగ్లిష్ చదువులాగే వారసత్వంగా వచ్చినవి. మేము మాత్రం వాటికి ‘లాజిక్ ఉంది’, ‘షార్ప్’ అని పేర్లు పెడతాం. మద్రాస్ ఐఐటీ మీద అజంతా సుబ్రమణియన్ 2019లో వెలువరించిన ‘ది కాస్ట్ ఆఫ్ మెరిట్’ అగ్రకులాల వారసత్వం ప్రతిభగా వేషం మార్చుకున్న చరిత్రనే చెప్పింది.

డిజిటల్ ఎలక్ట్రానిక్స్ ల్యాబులో ఇది మరింత స్పష్టంగా కనపడుతుంది. నలుగురికి ఒక బ్రెడ్‌బోర్డు ఇస్తాం. ఐసీ అమర్చేది, వైర్లు గుచ్చేది, ఎల్‌ఈడీ ఎందుకు వెలగలేదో వెతికేది ఒకరిద్దరే. మిగిలినవారు ట్రూత్ టేబుల్‌ను రికార్డులోకి దింపుకుంటారు. ఏళ్ల తరబడి నేనూ దీన్ని చొరవలో తేడా అనుకున్నాను. బ్యాచ్‌లు కట్టుకునే స్వేచ్ఛ విద్యార్థులకే వదిలేశాను. ఒకరోజు స్కాలర్‌షిప్ జాబితా చేతిలో ఉండగా ల్యాబులో తిరుగుతూ గమనించాను. రికార్డు రాస్తున్న చేతులు ఎక్కువగా ఆ జాబితాలోని వారివి, ఆడపిల్లలవి. గురుకుల పాఠశాల నుంచి వచ్చిన ఒక అమ్మాయిని బోర్డు ఎందుకు ముట్టుకోవడం లేదని అడిగితే, ‘పాడైతే డబ్బులు కట్టమంటారేమో సార్’ అంది. ఆ ఐసీ ఖరీదు కొన్ని పదుల రూపాయలు. ఆ మరుసటి వారం నుంచి బ్యాచ్‌లను చీటీలు తీసి వేస్తున్నాను. బోర్డు ఎవరి చేతిలో ఉండాలో కూడా వారం వారం మారుస్తున్నాను. ఈ మాత్రం పనికి ఏ జీవో అక్కర్లేదు. నాకు అన్నేళ్లు ఎందుకు తోచలేదన్నది వేరే ప్రశ్న.

మొదటి ఏడాది వెనకబడినా తర్వాత పుంజుకోవచ్చు కదా అంటారు. పుంజుకునేవారు చాలామందే ఉన్నారు. కానీ ప్రాంగణ నియామకాలకు వచ్చే కంపెనీలు చాలావరకు పది, ఇంటర్, బీటెక్ మూడింటిలోనూ 60 శాతం ఉండాలని, బ్యాక్‌లాగులు ఉండరాదని షరతు పెడతాయి. తెలుగు మీడియంలో చదివి, కంపైలర్ ఇంగ్లిష్‌లో చూపే తప్పును అర్థం చేసుకోవడానికే ఒక సెమిస్టరు పట్టిన విద్యార్థి నాలుగో ఏట ఎంత బాగా కోడ్ రాసినా రాత పరీక్ష గదిలోకి కూడా అడుగు పెట్టలేడు. అర్హత ఉన్నా చాలదు. సుఖదేవ్ థొరాట్, పాల్ అటెవెల్ సమాన అర్హతలున్న దరఖాస్తులను వేర్వేరు కులాలను సూచించే పేర్లతో ప్రైవేటు కంపెనీలకు పంపి పరిశీలిస్తే దళిత పేర్లకు పిలుపులు తక్కువగా వచ్చాయి. ఆ అధ్యయనం 2007లో వచ్చింది.

ఈలోగా సీట్ల స్వరూపమే మారిపోతోంది. మంచి ప్రమాణాలున్న సంస్థలకు బ్రాంచి సీట్ల మీద ఉన్న గరిష్ఠ పరిమితిని ఏఐసీటీఈ 2024-25 నుంచి ఎత్తివేసింది. సివిల్, మెకానికల్ తగ్గి కంప్యూటర్ సెక్షన్లు పెరిగాయి. డబ్బున్న కుటుంబాలు ప్రైవేటు విశ్వవిద్యాలయాల వైపు మళ్లుతున్నాయి. తెలంగాణ 2018లో చేసిన ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టంలో స్థానికులకు 25 శాతం సీట్లు ఉన్నాయి గాని, ఎస్సీ, ఎస్టీ, బీసీ రిజర్వేషన్లు లేవు. రాజ్యాంగం అడ్డుపడిందనడానికి వీల్లేదు. 93వ సవరణతో వచ్చిన 15(5) అధికరణం ఆ అధికారాన్ని ఇచ్చింది, 2014లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. లోపించింది రాజకీయ సంకల్పమే.

నేను అడుగుతున్న గంటలను ప్రభుత్వం ఇవ్వగలదనడానికి మన దగ్గరే ఉదాహరణ ఉంది. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో ఆర్జీయూకేటీ ఏర్పడింది. ఇడుపులపాయ, నూజివీడు, బాసర ప్రాంగణాల్లో పదో తరగతి మార్కులతో ప్రవేశం, ఆరేళ్ల చదువు, తొలి బ్యాచ్‌లకు తలా ఒక ల్యాప్‌టాప్. కీబోర్డు ఎన్నడూ ముట్టని పల్లె పిల్లలు అక్కడి నుంచి ఇంజనీర్లయ్యారు. ఆ సంస్థలను తర్వాత ఎంత నిర్లక్ష్యం చేశారో 2022 జూన్‌లో బాసర విద్యార్థులు రోజుల తరబడి బైఠాయించి చెప్పాల్సి వచ్చింది.

విశ్వవిద్యాలయాల స్థాయిలో చేయదగినవి చిన్న పనులే. మొదటి సెమిస్టరుకు ముందు నాలుగు వారాల వారధి కోర్సు, వసతిగృహంలో ఇరవై కంప్యూటర్లు, రాత్రి పది వరకు తెరిచి ఉండే ల్యాబు. మూడోదాని కోసం నేను రెండుసార్లు లేఖ రాశాను. అటెండరు పోస్టు ఖాళీగా ఉందని జవాబు వచ్చింది. ల్యాబుకు సాయంత్రం నాలుగున్నరకే తాళం పడుతోంది. హాస్టల్ పిల్లలు ఆ తర్వాత ఫోనులో కంపైలర్ యాప్ తెరిచి, బొటనవేళ్లతో ప్రోగ్రాములు రాస్తున్నారు.