పిక్క పట్టేస్తే... మోకాలు మడవకండి!

'ఆర్.ఆర్.ఆర్.'లో రామ్‌చరణ్, ఎన్.టి.ఆర్. కలిసి వేసిన ఆ స్టెప్పు మీరూ ఇంట్లో ఎవరూ చూడకుండా వేసే ఉంటారు. వెయ్యలేదంటే నేను నమ్మను! 2021లో కీవ్ నగరంలో ప్రేమ్ రక్షిత్ వేయించిన ఆ డాన్సు, 2023లో పాటకి ఆస్కార్ వచ్చాక మా సైనిక్‌పురి డాబాలెక్కింది.

రిటైరైన సైనికుల కోసం వెలిసిన కాలనీ మాది. ఆ వేసవిలో ఓ డాబా మీద కాలేజీ కుర్రాళ్ల రిహార్సల్ చూడ్డానికి వెళ్లాను. నాలుగోసారి మొదలెట్టారో లేదో, ఒకబ్బాయి "అమ్మో!" అంటూ కూలబడ్డాడు. పిక్క రాయిలా బిగుసుకుపోయింది. "నరం పట్టేసిందిరా, గట్టిగా గుంజండి!" అని ఒకడు. "ముందు నీళ్లు పట్టండి" అని ఇంకొకడు. పక్కింటి సుబేదారుగారు గబగబా మెట్లెక్కి వచ్చి, "గుంజొద్దు! మోకాలు తిన్నగా పెట్టు బాబూ. పాదం పట్టుకుని వేళ్లు నీ వైపుకి మెల్లగా వంచు, అలాగే ఉంచు" అన్నారు. నిమిషంలో పిక్క వదిలేసింది.

నరం పట్టేసింది అంటాం గానీ బిగిసేది కండ. అయినా మన మాట బొత్తిగా తప్పు కాదు సుమా! కండ బాగా అలిసినప్పుడు నరాల ద్వారా వచ్చే 'బిగుసుకో' అన్న ఆజ్ఞ పెరిగి, 'ఇక చాలు' అన్న ఆజ్ఞ తగ్గిపోతుందని 1997లో దక్షిణాఫ్రికా వైద్యుడు ష్వెల్‌నస్, ఆయన సహచరులు వాదించారు. కండని మెల్లగా సాగదీస్తే ఆ రెండో ఆజ్ఞ మళ్లీ బలపడుతుందన్నమాట.

మరి ఉప్పు సంగతి? గనుల్లో, బాయిలర్ల దగ్గర గంటల తరబడి చెమటోడ్చి, వట్టి నీళ్లే తాగేవాళ్లకి కండలు పట్టేసేవి. కాబట్టి ఎండలో డాన్సుకి ఉప్పేసిన మజ్జిగ మంచిదే. కానీ తాగీ తాగగానే అది కండకి చేరిపోదు. తమాషా ఏమిటంటే, 2010లో అమెరికాలో జరిగిన ప్రయోగంలో ఊరవేసిన దోసకాయల పులుపునీళ్లు తాగితే నిమిషంన్నరలోపే కండ వదిలింది. ఉప్పు రక్తంలో కలిసే వ్యవధి కూడా లేదు! గొంతుకి ఆ ఘాటు తగలడమే నరాలకి సంకేతమై ఉంటుందని వాళ్ల ఊహ. అది వెనిగర్ నీళ్లు లెండి, మీరు ఆవకాయ జాడీ మీద పడకండి.

రాత్రి నిద్రలో పట్టేసినా సుబేదారుగారి చిట్కాయే. లేచి మడమ నేలకి ఆనించి నిలబడ్డా సరే. వదిలాక మాత్రం వెంటనే గెంతులొద్దు. ఒక కాలే వాచి, ఎర్రబడి, వేడిగా ఉండి నొప్పి తగ్గకపోతే అది పిక్క పట్టడం కాదు. రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. విపరీతంగా శ్రమపడ్డాక మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చినా అంతే. ఆరోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి.