అచేతన మనస్సుపై సమాజం, సంస్కృతుల ముద్ర

తన మనస్సులో జరిగేదంతా తనకు తెలుసునని మనిషి అనుకుంటాడు. కాని ఫలానా భయం ఎక్కడ పుట్టిందో, ఒకే కల మళ్లీ మళ్లీ ఎందుకు వస్తున్నదో అడిగితే చాలాసార్లు జవాబు చెప్పలేడు. ఎరుకకు అందకుండా ఉండి, ప్రవర్తనను మాత్రం నడిపించే ఈ భాగాన్ని మనోవిజ్ఞాన శాస్త్రం అచేతన మనస్సు అంటుంది. ఉర్దూలో దీనికి 'లాషవూర్' అని పేరు.

వియన్నా వైద్యుడు సిగ్మండ్ ఫ్రాయిడ్ (1856-1939) ఈ భావన ఆధారంగా ఒక చికిత్సా పద్ధతినే నిర్మించాడు. బాల్యంలో అణగిపోయిన కోరికలు, తల్లిదండ్రుల పట్ల పిల్లలలో జరిగే పెనుగులాట అచేతనకు రూపం ఇస్తాయని ఆయన సిద్ధాంతం. ఆయన దృష్టి ప్రధానంగా కుటుంబం మీద నిలిచింది. అయితే కుటుంబం గాలిలో వ్రేలాడే వస్తువు కాదు. దానికొక భాష ఉంటుంది. మతం, ఆచారం, ఆర్థిక స్థితి, పాలకులతో ఒక సంబంధం ఉంటాయి. ఇవన్నీ పసితనం నుండే మనస్సులోకి ఇంకుతాయి. కనుక రోగి అచేతనను అర్థం చేసుకోదలచిన చికిత్సకుడు అతని సమాజాన్ని కూడా అర్థం చేసుకోక తప్పదు.

సామాజిక జల్లెడ

జర్మనీలో జన్మించిన మనోవిశ్లేషకుడు ఎరిక్ ఫ్రామ్ (1900-1980) ఈ విషయాన్ని 1962లో వెలువడిన తన గ్రంథంలో వివరించాడు. ప్రతి సమాజం తన సభ్యుల అనుభవాలను ఒక జల్లెడ పడుతుందని ఆయన అభిప్రాయం. జల్లెడ గుండా దిగినవి ఎరుకలోకి వస్తాయి, దిగనివి అచేతనలో ఉండిపోతాయి.

ఈ జల్లెడకు మూడు పొరలున్నాయి. మొదటిది భాష; తగిన మాట లేని అనుభవాన్ని మనిషి స్పష్టంగా గుర్తించడం కష్టం. రెండవది ఆలోచనా సరళి. తన సమాజం అసంగతమని భావించేదాన్ని మనిషి తనలో తానే కొట్టివేస్తాడు. మూడవది నిషేధం, అనకూడనిదాన్ని క్రమంగా అనుకోవడం కూడా మానేస్తాడు. నలుగురిలో ఒంటరినైపోతానన్న భయమే ఈ మూడవ పొరకు బలమని ఫ్రామ్ అంటాడు.

ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు మాట్లాడే కుటుంబాలకు మొదటి పొర బాగా పరిచితమే. ఇంట్లో 'దిల్ ఘబ్‌రా రహా హై' అనే స్త్రీ ఆస్పత్రిలో 'గుండె దడగా ఉంది' అంటుంది. మొదటి మాటలో ఉన్న దిగులు, బెంగ రెండవ మాటలోకి రావు. వైద్యుడు గుండెను పరీక్షించి, ఏ లోపమూ లేదని పంపివేస్తాడు. బాధ మాత్రం ఆమెతోనే ఇంటికి తిరిగి వస్తుంది.

బ్లీదా ఆస్పత్రి అనుభవం

సంస్కృతిని విస్మరించిన చికిత్స ఎలా విఫలమవుతుందో అల్జీరియాలో జరిగిన ఒక ప్రయత్నం తేటతెల్లం చేసింది. మార్టినీక్ దీవిలో 1925లో జన్మించి, ఫ్రాన్సులో మనోవైద్యం అభ్యసించిన ఫ్రాంజ్ ఫానన్ 1953లో బ్లీదా మానసిక చికిత్సాలయంలో వైద్యుడుగా చేరాడు. అల్జీరియా అప్పుడు ఫ్రెంచి పాలనలో ఉంది. ఆయన విభాగంలో 165 మంది యూరపు స్త్రీలు, 220 మంది ముస్లిం పురుషులు ఉండేవారు.

రోగులను గదులలో బంధించడానికి బదులు సాంఘిక జీవితం ద్వారా స్వస్థపరచాలని ఫానన్ సంకల్పించాడు. సమావేశాలు, ఉత్సవాలు, చలనచిత్రాలు, చేతిపనులు, రోగులే వ్రాసే పత్రిక ప్రారంభించాడు. యూరపు స్త్రీలలో కొద్ది మాసాలలోనే మార్పు కనిపించింది. అదే కార్యక్రమం ముస్లిం పురుషుల వద్ద పూర్తిగా బెడిసికొట్టింది. వారు సమావేశాలకు వచ్చి మౌనంగా కూర్చునేవారు.

ఆ మౌనం రోగ లక్షణమని సరిపెట్టుకోవడం సులభం. ఫానన్, ఆయన సహచరుడు జాక్ అజూలే అలా సరిపెట్టుకోలేదు. లోపం తమ పద్ధతిలోనే ఉందని 1954లో ప్రచురించిన వ్యాసంలో వ్రాశారు. రోగులలో ఎక్కువ మందికి చదువు రాదు. వారికి పత్రిక వల్ల ప్రయోజనం లేదు. అల్లిక పని వారి దృష్టిలో ఆడవారి పని. వారి ఉత్సవం మతంతోనో కుటుంబంతోనో ముడిపడినదే గాని, ఆస్పత్రి వారు నిర్ణయించిన వినోదం కాదు. వైద్యునికి అరబ్బీ రాదు. మధ్యలో దుబాసీ ఉండాలి. ఆ దుబాసీని చూడగానే రోగికి కచేరీ, పోలీసు గుర్తుకు వచ్చేవి. పరాయి పాలనలో పుట్టిన భయం వైద్యుని ముందు కూడా నోరు కట్టివేసింది.

ఆ తర్వాత పద్ధతి మారింది. ఆస్పత్రిలో స్థానిక సంప్రదాయపు కాఫీ దుకాణం వెలసింది. ముస్లిం పండుగలు జరిగాయి. కథలు చెప్పేవారు వచ్చారు. నోరు విప్పని మనుషులు ఆ పరిసరాలలో మాటలు కలిపారు.

బొమ్మ లేని కాగితం

1956లో ఫానన్, షార్ల్ జెరొనిమీ కలిసి మరొక విషయం వెల్లడించారు. అమెరికాలో రూపొందిన ఒక పరీక్షలో రోగికి కొన్ని చిత్రాలు చూపి, ఒక్కొక్కదానికి కథ అల్లమంటారు. ఆ కథలో రోగి అచేతన బయటపడుతుందని నమ్మకం. ఈ చిత్రాలను అల్జీరియా ముస్లిం స్త్రీలకు చూపినప్పుడు కథలు రాలేదు. ఇది కిటికీ, ఇది మనిషి అంటూ కనబడినవి వరుసగా చెప్పి ఊరుకునేవారు. ఊహాశక్తి లేదని తీర్పు చెప్పడానికి ఇంతకంటే ఆధారం అక్కరలేదనిపిస్తుంది.

కాని ఆ పరీక్షలో ఏ బొమ్మా లేని తెల్లని అట్ట కూడా ఒకటుంది. దానిని చూపగానే ఆ స్త్రీలే నిండైన కథలు చెప్పారు. చిత్రాలలోని ఇళ్లు, దుస్తులు, ముఖకవళికలు వారి ప్రపంచానివి కావు. ఆ పరాయి చిత్రం తొలగిపోగానే వారి మనస్సు మాట్లాడింది. లోపం చూపినవారి చిత్రంలో ఉన్నది. చూచినవారి మనస్సులో లేదు.

కలకత్తా, కైరో

ఇటువంటి ప్రశ్న మన దేశంలో ఇంకా ముందే తలెత్తింది. 1922లో కలకత్తాలో భారతీయ మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించిన గిరీంద్రశేఖర్ బోస్, తాను చూచిన భారతీయ రోగుల అచేతనలో కొన్ని భయాలు యూరపు రోగులలో ఉన్నంత ప్రబలంగా లేవని 1929లో ఫ్రాయిడ్‌కే వ్రాశాడు.

ఈజిప్టులో యూసుఫ్ మురాద్ 1945 నుండి 1953 వరకు నడిచిన మనోవిజ్ఞాన పత్రిక ద్వారా ఈ శాస్త్రానికి అరబ్బీ పదజాలాన్ని సమకూర్చాడు. ముస్తఫా సఫ్వాన్ ఫ్రాయిడ్ స్వప్న గ్రంథాన్ని 1958లో అరబ్బీలోకి అనువదించాడు. అరబ్బీ పాఠకునికి స్వప్న విచారణ కొత్త కాదు. శుభవార్త అయిన కల, షైతాన్ కలిగించే కలత, మనిషి మనస్సు తనతో తాను చెప్పుకునే మాట అని కలలను మూడు రకాలుగా విభజించిన హదీసు వారికి తెలిసినదే. కొత్త శాస్త్రం ఖాళీ నేలమీద అడుగుపెట్టలేదు.

రెండు ప్రమాదాలు

సంస్కృతిని గుర్తించడంలోనూ ప్రమాదం ఉంది. ఫానన్‌కు ముందు అల్జీర్స్ నగరంలోని ఫ్రెంచి మనోవైద్యులు స్థానిక ముస్లిములు పుట్టుకతోనే ఆవేశపరులని, ఆలోచనాశక్తి తక్కువవారని 'శాస్త్రీయంగా' వ్రాశారు. సంస్కృతి పేరుతో మనిషిపై వేసిన సంకెల అది. వలస పాలన తెచ్చిపెట్టిన గాయాన్ని వారు ఆ జాతి స్వభావంగా చూపారు.

రెండవ ప్రమాదం మన ఇళ్లలోనే ఉంది. ప్రతి మానసిక వ్యాధినీ జిన్నుల చేష్టగా భావించి వైద్యుని వద్దకు పోకుండా ఆపడం అది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా సమీపాన ఉన్న ఒక ఆశ్రయంలో అగ్ని ప్రమాదం జరిగింది. గొలుసులతో కట్టివేయబడినందున తప్పించుకోలేక 28 మంది రోగులు మరణించారు. వారిని అక్కడ చేర్చిన కుటుంబాలు స్వస్థతనే కోరాయి. నమ్మకం చికిత్సకు తోడు కావచ్చు. చికిత్సకు అడ్డుగోడ కారాదు. ప్రతి వ్యాధికీ మందు ఉన్నదని, చికిత్స చేయించుకోమని మహాప్రవక్త (స) బోధించిన సంగతి ఇక్కడ స్మరణీయం.

ఈ రెండు ప్రమాదాలకూ విరుగుడు ఒక్కటే: రోగిని అడిగి తెలుసుకోవడం. అమెరికా మనోవైద్య సంఘం 2013లో ప్రచురించిన రోగనిర్ణయ గ్రంథంలో ఇందుకోసం 16 ప్రశ్నలు పొందుపరచింది. మీ బాధను మీవారు ఏమని పిలుస్తారు, దానికి కారణం ఏమని అనుకుంటున్నారు, ఎవరి సహాయం కోరారు అనే తీరులో అవి సాగుతాయి. మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య రక్షణ చట్టం మతం, సంస్కృతి, కులం కారణంగా వివక్ష లేని చికిత్సను హక్కుగా గుర్తించింది.

హక్కు చట్టంలో ఉన్నంత మాత్రాన చాలదు. రోగి ఇంటి భాషలో చెప్పుకునే అవకాశం ఇవ్వడం వైద్యుని బాధ్యత. ఆ మాట వైద్యుని చెవిదాకా చేరనివ్వడం కుటుంబం బాధ్యత.