నాలుగు గదులకు ఒకే నూనె చాలదు

ఫోర్ బై ఫోర్ పికప్ కొన్నవారు ఇంజినాయిల్ మార్చే తేదీని గుర్తుపెట్టుకుంటారు. గేరాయిల్ సంగతి మాత్రం బండి మొరాయించేదాకా తలచుకోరు. మామూలు కారుతో పోలిస్తే ఈ బండికి గేరాయిల్ ఉండే చోట్లు ఎక్కువ. గేర్‌బాక్స్, ముందు చక్రాలకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేస్, ముందు డిఫరెన్షియల్, వెనక డిఫరెన్షియల్ అని నాలుగు వేర్వేరు గదులుంటాయి. శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వి-క్రాస్ అయినా, 2022లో మన దేశానికి వచ్చిన టయోటా హైలక్స్ అయినా ఇంతే. ఈ నాలుగింటిలో జరిగే పని ఒకటి కాదు కాబట్టి పోయాల్సిన నూనె కూడా ఒకటే కానక్కర్లేదు. డబ్బా మీద ‘సింథటిక్’ అన్న మాట చూసి మురిసిపోయే ముందు, ఏ గదికి ఏ తరగతి నూనె కావాలో తెలుసుకోవాలి. తప్పు తరగతి సింథటిక్ కన్నా సరైన తరగతి మామూలు నూనె వెయ్యి రెట్లు మేలు.

వెనక డిఫరెన్షియల్ హౌసింగ్‌లో తిరిగే క్రౌన్, పినియన్ సంగతే చూడండి. ఇవి హైపాయిడ్ గేర్లు. పినియన్ ఇరుసు క్రౌన్ కేంద్రానికి కాస్త కిందుగా ఉంటుంది కనుక పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లడంతో ఆగవు, గట్టిగా రాసుకుంటూ జారతాయి. టన్ను బరువుతో ఘాట్ ఎక్కేటప్పుడు ఆ ఒత్తిడికి మామూలు నూనె పొర పిండినట్టు పక్కకు పోతుంది. అందుకే జీఎల్-5 తరగతి నూనెలో గంధకం, భాస్వరం సమ్మేళనాలు ఎక్కువగా కలుపుతారు. వేడి, ఒత్తిడి పెరిగినప్పుడు అవి ఉక్కుతో చర్య జరిపి పలచని పొరగా ఏర్పడతాయి. అరుగుదల ఏదో ఆ పొరే భరిస్తుంది, పన్ను మిగులుతుంది.

హైపాయిడ్ గేర్లను కాపాడే ఈ గుణమే కొన్ని మాన్యువల్ గేర్‌బాక్స్‌లకు చేటు చేస్తుంది. గేరు మార్చేటప్పుడు రెండు వేగాలను కలిపే సింక్రో రింగులు చాలా బండ్లలో ఇత్తడివి. గంధకం పొర మెత్తని ఇత్తడి మీద ఏర్పడి ఊడినప్పుడల్లా కొంచెం లోహాన్నీ వెంట తీసుకుపోతుంది. ఇప్పటి జీఎల్-5 నూనెల్లో ఈ దోషం చాలావరకు తగ్గించారనే వాదన నిజమే. కానీ ఇబ్బంది ఇంకొకటుంది. సింక్రో రింగు పని చేయాలంటే కాస్త పట్టు ఉండాలి. నూనె మరీ జారుడుగా ఉంటే రింగు పట్టు దొరక్క రెండో గేరు నుంచి మూడుకు వెళ్లేటప్పుడు ‘గర్ర్’మంటుంది. అందుకే ఈ సమ్మేళనాలు తక్కువుండే జీఎల్-4 తరగతిని కంపెనీ అడిగిన గేర్‌బాక్స్‌లో జీఎల్-5 పోయకూడదు. ట్రాన్స్‌ఫర్ కేస్ సంగతి ఇంకా వేరు. కొన్నింటికి గేరాయిల్ కావాలి, కొన్నింటికి ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో వాడే పలచని ఏటీఎఫ్ కావాలి. వెనక డిఫరెన్షియల్ లిమిటెడ్ స్లిప్ రకమైతే దానికి తగిన ఫ్రిక్షన్ మాడిఫయర్ ఉన్న నూనె చూసుకోవాలి.

‘అన్నిటికీ నైంటీ ఆయిలే పోస్తున్నాం, బండ్లు నడవట్లేదా?’ అని అనుభవం ఉన్న మెకానిక్‌లు అడుగుతారు. నడుస్తాయి. గేరు పళ్లు ఒక్కరోజులో అరగవు, అందుకే తప్పు కంటికి కనబడదు. ఇంకొందరికి 75డబ్ల్యూ-90 సింథటిక్ మన ఎండలకు నీళ్లలా అయిపోతుందని భయం. ఆ భయం అక్కర్లేదు. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో పారే గుణాన్ని చెబుతుంది, వెనకున్న 90 వేడిలో చిక్కదనాన్ని చెబుతుంది. 80డబ్ల్యూ-90 అయినా, 75డబ్ల్యూ-90 అయినా 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర కనీసం 13.5 సెంటీస్టోక్స్ చిక్కదనం ఉండి తీరాలి. నిజానికి చలిలో పారే గుణంతో లదాఖ్ వెళ్లేవారికి ఉన్నంత అవసరం మనకు లేదు. సింథటిక్‌తో మనకు దక్కే మేలు వేడి దగ్గరే. ఎక్కువ సేపు కాగినా అది త్వరగా చెడదు. బరువులు మోసే, ఘాట్లు ఎక్కే బండికి వెనక హౌసింగ్‌లో ఆ అదనపు ఖర్చు పెట్టడం సబబే. సాధారణంగా పట్టేది నాలుగు లీటర్ల లోపే. ఊళ్లోనే తిరిగే బండికైతే కంపెనీ ఒప్పుకున్న మామూలు నూనెను వేళకు మార్చినా చాలు.

గేరాయిల్ కాలదు, పొగ పట్టదు, మరి మార్చడం ఎందుకన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. డిఫరెన్షియల్‌కు ఇంజిన్‌కు ఉన్నట్టు ఫిల్టర్ ఉండదు. అరిగిన లోహమంతా ఆ నూనెలోనే తిరుగుతుంది. డ్రెయిన్ ప్లగ్‌కు అయస్కాంతం ఉంటే దాని మీద కాటుకలా మెత్తగా, బూడిద రంగులో ముద్ద కనిపిస్తుంది. అది మామూలే. వేలికి గుచ్చుకునే ముక్కలు తగిలితే మాత్రం నూనె మార్చి ఊరుకోకూడదు, హౌసింగ్ విప్పించాలి.

మార్చేటప్పుడు ఒక్క జాగ్రత్త అన్నిటికన్నా ముఖ్యం. కింది ప్లగ్ జోలికి పోకముందే పైన నూనె పోసే ప్లగ్‌ను వదులు చేయాలి. పాత నూనె కార్చేశాక పై ప్లగ్ బిగుసుకుపోయి రాకపోతే బండి అక్కడే ఉండిపోతుంది. నాలుగైదు కిలోమీటర్లు నడిపి, సమతలం మీద నిలిపి, నూనె గోరువెచ్చగా ఉండగా కార్చాలి. కొత్త వాషర్లు వేయాలి. హ్యాండ్‌బుక్ వేరుగా చెప్పకపోతే నూనె రంధ్రం కింది అంచు దాకా వచ్చి సన్నగా కారేదాకా పోయాలి. అంతకు మించి పోస్తే నురగ కడుతుంది, సీల్ దాటి వెనక బ్రేకుల్లోకి కూడా చేరవచ్చు.

ఫోర్ బై ఫోర్ ఎప్పుడూ వేయలేదు కదా అని ముందు డిఫరెన్షియల్‌ను వదిలేయడం పొరపాటు. చాలా బండ్లలో టూ వీల్ డ్రైవ్‌లోనూ లోపలి గేర్లు కొన్ని తిరుగుతూనే ఉంటాయి. ఇక నీళ్లకు ఫోర్ బై ఫోర్ వేశామా లేదా అన్న తేడా అసలే లేదు. చాలాదూరం నడిచి కాగిన హౌసింగ్ వాగు నీటిలో దిగగానే లోపలి గాలి కుంచించుకుపోతుంది. గాలి వచ్చిపోయే బ్రీదర్ గొట్టం బురదతో మూసుకుపోయి ఉంటే సీల్ సందులోంచి నీళ్లను పీల్చుకుంటుంది. అప్పుడు కిలోమీటర్ల లెక్క పనికిరాదు. వానాకాలంలో ఇరుసులు మునిగేంత నీళ్లలో వెళ్లి వచ్చారా, వీలైనంత త్వరగా రెండు డిఫరెన్షియళ్ల నూనె చూపించండి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే ఆలస్యం చేయకుండా మార్పించండి.