చిత్తకార్తె నుంచి చిత్తకార్తె దాకా

ధనుర్మాసంలో అమృతలూరు చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్లినా ఈ దృశ్యం కంటపడుతుంది. వరి కోతలు, నూర్పిళ్లు అయిపోయి దొడ్లలో కొత్త గడ్డివాములు లేచి ఉంటాయి. కాలవ గట్ల వెంట కోసిన మాగాణుల్లో మినుము మొలక పచ్చబడుతూ ఉంటుంది. ఏదో ఒక వాము అడుగున, చలిగాలి తగలని వైపు గడ్డి లాగి గుంత చేసుకుని, ఒక వీధికుక్క ఐదారు కూనలకు పాలిస్తూ పడుకుని ఉంటుంది. బడికెళ్లే పిల్లలు అక్కడ ఆగుతారు. వాళ్లలో ఒకడు కళ్లు కూడా సరిగా తెరవని కూనను చొక్కాలో దాచుకుని ఇంటికి తెస్తాడు. అమ్మ కేకలేస్తుంది, నాన్న సరేనంటాడు. పది రోజుల తర్వాత ఆ కూన ఉండదు.

ఆ పిల్లాడి జాలిలో లోపం లేదు. తప్పింది అదను. వరికి నారు పోసే అదను, నాటే అదను, మందు వేసే అదను ఉన్నట్టే కుక్కకూ అదన్లున్నాయి. ఆశ్చర్యమేమంటే వాటిలో మొదటిదాన్ని మన రైతులు ఎప్పుడో కనిపెట్టి తిట్టుగా మార్చేశారు.

‘చిత్తకార్తె కుక్క’ అన్న మాట వినని తెలుగువాడు ఉండడు. ఏడాదికి ఇరవై ఏడు కార్తెలు. వాటిలో చిత్త సుమారుగా అక్టోబరు 10 నుంచి 23 వరకు. ఆ రోజుల్లో వీధికుక్కలు ఎదకు వచ్చి గుంపులు కడతాయి. ఇంట్లో పెరిగే జాతికుక్కలు ఏడాదిలో ఏ కాలంలోనైనా, సాధారణంగా రెండుసార్లు ఎదకు వస్తాయి. మన నాటు వీధికుక్కలు మాత్రం ఎక్కువగా వానలు వెనుకబట్టే వేళకు జతకడతాయి. కుక్క గర్భం సుమారు 63 రోజులు. చిత్త నుంచి లెక్కపెడితే డిసెంబరు రెండు, మూడు, నాలుగు వారాలు వస్తాయి. అంటే ధనుర్మాసపు చలి, కొత్త గడ్డివాములు. పంచాంగమూ జీవశాస్త్రమూ ఒకే లెక్క చెబుతున్నాయి.

ఆ కూనల్లో ఎన్ని బతుకుతాయి? కోల్‌కతాలోని ఐసర్ అనే పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పశ్చిమ బెంగాల్‌లో 95 ఈతల్లో పుట్టిన 364 కూనలను వెంబడించి చూసి, 2016లో ఫలితాలు ప్రచురించారు. ఏడు నెలల వయసు దాకా బతికినవి నూటికి 19 మాత్రమే. చనిపోయినవాటిలో సగానికి మించి, నూటికి 63, మనుషుల కారణంగానే పోయాయి. వాహనాల కింద పడినవి, కొట్టి చంపినవి, ఎత్తుకుపోయినవి అందులోకే వస్తాయి. చొక్కాలో దాచి తెచ్చిన కూన కూడా ఒక రకంగా ఈ లెక్కలోదే.

తల్లి దగ్గర రెండు నెలలు

కూన కళ్లు తెరవడానికి పది నుంచి పధ్నాలుగు రోజులు పడుతుంది. తొలి రెండు వారాలు తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేదు. తల్లి నాకితే తప్ప మూత్రం కూడా పోసుకోలేదు. చలిరాత్రి దాన్ని తల్లి నుంచి విడదీసి గచ్చు మీద గోనెసంచిలో పడుకోబెడితే, ముందు చల్లబడుతుంది. చల్లబడిన కూన కడుపులో పాలు అరగవు.

పాల సంగతీ అంతే. కుక్కపాలలో కొవ్వు సుమారు 9 శాతం, మాంసకృత్తులు 7 నుంచి 8 శాతం ఉంటాయి. ఆవుపాలలో ఈ రెండూ సగానికి తక్కువే. లాక్టోజ్ అనే పాలచక్కెర మాత్రం ఆవుపాలలోనే ఎక్కువ. గేదెపాలలో కొవ్వు కొంత మెరుగైనా చక్కెర తగ్గదు. ఆ అదనపు చక్కెర అరగక కూనకు విరేచనాలు పట్టుకుంటాయి, ఒంట్లో నీరు పోతుంది. పది రోజులకు కూన లేకపోవడం వెనుక చాలాసార్లు జరిగేది ఇదే.

కాబట్టి తల్లి బతికే ఉంటే మొదటి నెలల్లో మన సాయం కూనకు కాదు, తల్లికి అందాలి. పూటకింత అన్నం, పక్కనే మంచినీళ్లు, వాము దగ్గర గాలి కొట్టకుండా ఒక పాత పరదా చాలు. ఎనిమిది వారాల దాకా కూనలను విడదీయకూడదు. ఎంత గట్టిగా కరిస్తే ఎదుటివాళ్లకు నొప్పో కూన తోడబుట్టినవాటితో ఆడుతూ నేర్చుకుంటుంది. తొందరగా విడదీసిన కూన ఆ పాఠం మన పిల్లల చేతుల మీద నేర్చుకుంటుంది.

గోవాడ తిరునాళ్ల నాటికి

ఎనిమిది వారాలు నిండేసరికి మాఘమాసం. మన అమృతలూరు మండలంలో గోవాడ శివరాత్రి తిరునాళ్ల సందడి వేళకు కూనను ఇంటికి తేవచ్చు. అప్పుడే మొదటి టీకా. పార్వో, డిస్టెంపర్ వంటి జబ్బులకు కలిపి ఇచ్చే ఈ సూదిని మూడు నాలుగు వారాల ఎడంతో, పదహారు వారాల వయసు దాకా మళ్లీ మళ్లీ వేయిస్తారు. ‘ఒకసారి వేయించాం కదా, మళ్లీ ఎందుకు?’ అని చాలామంది రెండోసారి వెళ్లరు.

ఎందుకో తెలియాలంటే ముర్రుపాల సంగతి చూడాలి. పుట్టిన తొలిరోజు తాగిన ముర్రుపాలతో తల్లి రోగనిరోధక కణాలు తయారుచేసిన యాంటీబాడీలు కూనకు చేరతాయి. అవి జబ్బును అడ్డుకుంటాయి. టీకాలోని బలహీనపరిచిన వైరస్‌నూ అడ్డుకుంటాయి. తల్లి ఇచ్చిన ఆ కవచం ఒక్కో కూనలో ఒక్కో వారం కరిగిపోతుంది. ఏ వారమో బయటికి కనబడదు. అందుకే సూది వరుసగా వేస్తూ పోతారు, ఏదో ఒకటి సరైన వేళకు తగులుతుంది. మధ్యలో మానేస్తే కవచం పోయి, టీకా పట్టని ఖాళీ మిగులుతుంది. పార్వో వచ్చేది ఆ ఖాళీలోనే. నెత్తుటి విరేచనాలతో రెండు మూడు రోజుల్లో ప్రాణం తీసే జబ్బు అది.

నట్టల నివారణ మందుకూ వరుస ఉంది. తల్లి గర్భంలో, పాలలో కూడా పురుగులు కూనకు చేరతాయి కనుక రెండో వారం నుంచే మొదలుపెట్టి, ఎనిమిది వారాల దాకా రెండు వారాలకోసారి, ఆరు నెలలు నిండేదాకా నెలకోసారి, ఆ తర్వాత మూడు నెలలకోసారి పట్టించాలి. పొట్ట ఉబ్బి, డొక్కలు తేలిన కూన తిండి లేక అలా ఉందనుకుంటాం. చాలాసార్లు దాని తిండి నట్టలు తింటున్నాయి.

ఉగాదికి ఒక సూది

మూడు నెలలు నిండేసరికి ఉగాది వస్తుంది. రేబిస్ టీకాకు అదే అదను. నెలలోపు మరో సూది, ఆపైన ఏటా ఒకటి. ఈ టీకా మనకు దూరదేశపు సరుకేమీ కాదు. జాతీయ పాడి అభివృద్ధి సంస్థ 1982లో హైదరాబాదులో నెలకొల్పిన ఇండియన్ ఇమ్యునోలాజికల్స్ కుక్కలకు ‘రక్షారాబ్’, మనుషులకు ‘అభయ్‌రాబ్’ అనే పేర్లతో తయారుచేస్తోంది.

ఊళ్లో కుక్కలన్నిటికీ వేయించడం సాధ్యమా అని నిరుత్సాహపడనక్కర్లేదు. నూటికి 70 కుక్కలకు టీకా పడితే వైరస్‌కు ఒక కుక్క నుంచి మరో కుక్కకు దారి దొరకదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మిగిలిన ముప్పైకీ ఆ డెబ్బై కుక్కలే గోడ. ఉన్న కుక్కలను చంపడమో, పట్టి ఊరవతల వదలడమో చేస్తే కూలేది ఈ గోడే. ఖాళీ అయిన వీధిలోకి తిండి వెతుక్కుంటూ టీకా లేని కొత్త కుక్కలు వస్తాయి.

కాటు పడితే

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) పరిశోధకుల దేశవ్యాప్త సర్వే లెక్క ప్రకారం మన దేశంలో ఏటా సుమారు 91 లక్షల జంతుకాట్లు పడుతున్నాయి. వాటిలో నాలుగింట మూడు వంతులు కుక్కలవే. రేబిస్ మరణాలు ఏటా 5,726 ఉండవచ్చని అంచనా. లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకని జబ్బు ఇది. అయినా ఆ మరణాల్లో చాలావరకు ఆపగలిగినవే.

వైరస్ తత్వమే మనకు వ్యవధి ఇస్తోంది. అది రక్తంలో పడి పరుగెత్తదు. కాటు పడినచోట నరం పట్టుకుని నెమ్మదిగా మెదడు వైపు పాకుతుంది. సాధారణంగా నెల నుంచి మూడు నెలలు పడుతుంది. కాటు ముఖం మీదో చేతి మీదో పడితే దారి దగ్గర. కుక్క ముఖం ఎత్తులో ఉండే చిన్నపిల్లలకు ముప్పు ఎక్కువ కావడానికి అదో కారణం.

కుక్క కాటుకు చెప్పుదెబ్బ అని సామెత. నిజానికి తొలి మందు సబ్బు. ఈ వైరస్ మీద కొవ్వు పొర ఉంటుంది, సబ్బు దాన్ని కరిగించేస్తుంది. కొళాయి కిందో చేతిపంపు కిందో పదిహేను నిమిషాలు గడియారం చూసి కడగాలి. కారం, సున్నం, పసుపు, ఆకు పసరు ఏవీ పెట్టకూడదు. అవి వైరస్‌ను చంపవు సరికదా, పుండును రేపి దాన్ని లోపలికి నెడతాయి.

తర్వాత ఆసుపత్రి. పాతతరం వాళ్లకు బొడ్డు చుట్టూ పధ్నాలుగు సూదులు గుర్తే. డేవిడ్ సెంపుల్ 1911లో కసౌలీలో రూపొందించిన ఆ మందును గొర్రె మెదడు నుంచి తీసేవారు. అందులోని నరాల పదార్థం వల్ల కొందరిలో ఒళ్లు తన నరాల మీదే దాడి చేసేది. మన దేశంలో దాని తయారీ 2004లో ఆగిపోయింది. ఇప్పుడు చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో నాలుగు రోజులే వెళ్లాలి: తొలిరోజు, 3, 7, 28. వెళ్లినప్పుడల్లా రెండు జబ్బలకూ చిన్న సూదులు. రక్తం కారేలా కరిస్తే పుండులోనే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ఇవ్వాలి. టీకా వల్ల మన ఒంట్లో యాంటీబాడీలు పుట్టడానికి వారం పైనే పడుతుంది. అందాకా కాపలా కాసే అరువు సైన్యం అది.

కరిచిన కుక్కను పది రోజులు గమనించమనడానికీ కారణముంది. దాని లాలాజలంలోకి వైరస్ వచ్చేది జబ్బు బయటపడే ముందు కొద్ది రోజులే. అలాంటి కుక్క పది రోజులు తిరిగే లోపు చచ్చిపోతుంది. పదో రోజుకూ అది చక్కగా తింటూ తిరుగుతుంటే, కరిచిన రోజున దాని నోట్లో వైరస్ లేనట్టే. అలాగని సూది కోసం పది రోజులు ఆగకూడదు, సూది తొలిరోజే.

అన్నిటికంటే కష్టమైన రోగలక్షణం వైరస్‌ది కాదు, ఇంటిది. తిడతారన్న భయంతో పిల్లలు చిన్న గాటును దాచేస్తారు. కుక్క ఉన్న ఇంట్లో మొదటి నియమం ఒకటుండాలి: కాటు సంగతి చెప్పిన పిల్లలకు తిట్లు ఉండవు.

రోహిణి ఎండ, ఇంటి అన్నం

మనకు ఒళ్లంతా చెమట పడుతుంది. కుక్కకు చెమట గ్రంథులు దాదాపుగా పాదాల అడుగునే. అది ఒగరుస్తూ, నాలుక మీది తడి ఆరబెట్టుకుని చల్లబడుతుంది. డెల్టా ఉక్కలో గాలిలోనే తేమ నిండి ఉంటే ఆ తడి ఆరదు. అందుకే రోహిణి కార్తెలో మధ్యాహ్నం రేకుల పంచలో గొలుసుతో కట్టేసిన కుక్క ఉడికిపోతుంది. మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండే ఒంటి వేడి 105 దాటితే ప్రమాదమే. నాలుక ఎర్రబడి తూలుతుంటే పొట్ట, గజ్జలు, పాదాలు మామూలు నీళ్లతో తడిపి గాలి తగిలించి వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. మంచు ప్రాంతపు హస్కీలను తెచ్చుకునే ముందు ఈ ఒక్క కార్తెను తలుచుకుంటే మంచిది.

తిండికొస్తే, పెరుగన్నం పెట్టడం తప్పేమీ కాదు. పిండిపదార్థాన్ని అరిగించే జన్యువు తోడేలులో రెండు ప్రతులే ఉంటే, కుక్కలో నాలుగు నుంచి ముప్పై దాకా ఉన్నట్టు 2013లో స్వీడన్ శాస్త్రవేత్తలు చూపారు. మన ముద్ద తింటూనే అది కుక్క అయింది. కాకపోతే అన్నం ఒక్కటే చాలదు, గుడ్డో మాంసమో కలవాలి. మిగిలిన పులుసు కలపకూడదు. ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాలను చితకగొడతాయి. చాక్లెట్, ద్రాక్ష, ఉడికించిన కోడి ఎముకలు, మనం వేసుకునే జ్వరం మాత్రలు కూడా దానికి వద్దు.

నాట్ల వేళ

జులై 6 ప్రపంచ జూనోసిస్ దినం, అంటే జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల దినం. పునర్వసు కార్తె ప్రవేశించే రోజుల్లో వస్తుంది. 1885లో అదే తేదీన లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్‌కు తొలిసారి రేబిస్ టీకా ఇప్పించాడు. ఆ రోజు మన పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు ఉచితంగా టీకా వేస్తారు.

అప్పుడే చేలల్లోకి నీళ్లు వస్తాయి. గట్ల బొరియల్లోంచి ఎలుకలు, పందికొక్కులు బయటపడతాయి. వాటి మూత్రంతో లెప్టోస్పైరా అనే సూక్ష్మక్రిమి నిలవనీళ్లలో కలుస్తుంది. దానితో వచ్చే జబ్బును జనం ఎలుకజ్వరం అంటారు. గట్టు వెంట తిరిగే కుక్కకూ, కాలి పగుళ్లతో దమ్ములో దిగే రైతుకూ ఒకే దారిన వస్తుంది. ఆ కుక్క మూత్రం నుంచి ఇంట్లోవాళ్లకూ రావచ్చు. కుక్కలకు దీనికి టీకా ఉంది, ఏటా వేయించాలి. పిడుదులూ విజృంభించే కాలమిది. చెవుల లోపల, వేళ్ల సందుల్లో వెతికి తీయాలి. వాటి కాటుతో వచ్చే ఎర్లికియా జ్వరంలో రక్తఫలకాలు పడిపోయి ముక్కు నుంచి రక్తం కారుతుంది. తొందరగా గుర్తిస్తే మామూలు మాత్రలతో నయమవుతుంది.

మళ్లీ చిత్త లోపు

ఇప్పటికి కూనకు ఆరేడు నెలలు. చిత్తకు ఇంకా రెండు మూడు నెలలుంది. ఏడాది మొత్తంలో అతి విలువైన అదను ఇదే, మనం తరచూ వదిలేసేదీ ఇదే. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ ఇప్పుడు చేయిస్తే డిసెంబరులో ఐదారు కూనలు ఉండవు. ఆడకుక్కకు మొదటి ఎదకు ముందే చేయిస్తే రొమ్ము గడ్డల ముప్పు బాగా తగ్గుతుంది, గర్భసంచిలో చీము పట్టదు. ‘ఒక్క ఈత ఈననిస్తేనే ఆరోగ్యం’ అన్న నమ్మకానికి ఆధారం లేదు. ఆపరేషన్ ఎక్కడ చేస్తారో మండల పశువైద్యుణ్ణి అడగాలి. గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది.

వీధికుక్కలకు ఈ దారి చూపింది మద్రాసు. అక్కడి బ్లూక్రాస్ సంస్థ 1964లోనే పట్టి చంపడానికి బదులు ఆపరేషన్ చేసి వదలడం మొదలుపెట్టింది. అదే పద్ధతి 2001లో కేంద్ర నిబంధనగా మారింది, 2023లో సవరించిన రూపం వచ్చింది. చెవి కొసన చిన్న కోత కనబడితే ఆ కుక్కకు ఆపరేషన్, టీకా అయినట్టు గుర్తు. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా ఆపరేషన్, టీకా చేసిన కుక్కలను పట్టినచోటే వదలాలని, పిచ్చివాటిని, మీదపడేవాటిని వదలొద్దని, తిండి పెట్టడానికి వేరే చోట్లు కేటాయించాలని చెప్పింది. నవంబరులో బళ్లు, ఆసుపత్రులు, బస్టాండ్ల వంటి చోట్ల పట్టినవాటిని మళ్లీ అక్కడ వదలొద్దంది. అన్నం పెట్టే చెయ్యి బడి గేటుకు దూరంగా, ఒకే వేళకు పెట్టి, మిగిలిన ఎంగిలి ఎత్తేయాలన్నది ఇందులోని సారం. పెంచుకున్నదాన్ని తిండీ నీరూ దొరక్క బాధపడేలా వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం.

మన ఇళ్లలో గోడ మీద క్యాలెండరు ఉంటుంది. పాలు రాని రోజు దాని మీద సున్నా చుడతాం, గ్యాస్ బండ వచ్చిన తేదీ రాస్తాం. అదే పెన్నుతో శివరాత్రి దగ్గర ఒక గీత, ఉగాది దగ్గర ఒకటి, జులై 6 దగ్గర ఒకటి, చిత్త మొదలయ్యే వారానికి ముందు ఒక పెద్ద గీత గీయొచ్చు. ఆ గీతలన్నీ తప్పకుండా పడితే, వచ్చే ధనుర్మాసంలో గడ్డివాము అడుగున గుంత ఉండదు. బడికెళ్లే పిల్లవాడు ఆగకుండా వెళ్లిపోతాడు, వెనకాలే చెవి కొసన కోత ఉన్న కుక్క ఒకటి తోక ఊపుకుంటూ మలుపు దాకా సాగనంపుతుంది.