సగం జీతపు గవర్నర్

అమెరికా బ్రిటిష్ వలసగా ఉన్న రోజుల్లో న్యూయార్క్ గవర్నర్‌ను లండన్‌లో రాజు నియమించేవాడు. ఉన్నవాడు చనిపోతే కొత్తవాడు సముద్రం దాటి రావడానికి నెలలు పట్టేది. అప్పటిదాకా లెఫ్టినెంట్ గవర్నర్, ఆయనా లేకపోతే సలహా మండలిలో అందరికంటే సీనియర్, ఇన్‌ఛార్జిగా పాలించాలి.

1760లో అలా బాధ్యత మీద పడినవాడు క్యాడ్వలాడర్ కోల్డెన్. అప్పటికి ఆయనకు 72 ఏళ్లు, కృష్ణా రామా అనుకోవాల్సిన వయసు. చదివింది వైద్యం. తన పొలం చుట్టుపక్కల మొక్కలను వర్ణించి పంపితే స్వీడన్‌లో వృక్షశాస్త్రజ్ఞుడు లినేయస్ వాటిని అచ్చువేయించాడు. 1761లో లెఫ్టినెంట్ గవర్నర్ పదవి కూడా దక్కింది.

ఇక్కడే చిక్కంతా. గవర్నర్‌కు ఆజ్ఞలు వచ్చేది లండన్ నుంచి, జీతం మంజూరు చేసేది స్థానిక శాసనసభ. రాజు మాట వింటే సభకు కోపం, సభ మాట వింటే కొలువుకే ఎసరు. ఇన్‌ఛార్జికైతే పలుకుబడీ తక్కువే, తిట్లు మాత్రం పూర్తిగా వచ్చేవి.

1765 నవంబర్ 1న, పత్రాలపై లండన్ పన్ను విధించిన స్టాంపు చట్టం అమల్లోకి వచ్చింది. స్టాంపు కాగితాలను కోల్డెన్ ఫోర్ట్ జార్జ్ కోటలో దాచాడు. ఆ రాత్రి జనం ఆయన దిష్టిబొమ్మను ఊరేగించి, ఆయన బండినే లాక్కెళ్లి, కోట ఎదుట బౌలింగ్ గ్రీన్‌లో తగలబెట్టారు. కొద్ది రోజులకే కాగితాలను నగరపాలక సంస్థకు అప్పగించక తప్పలేదు. బండికి పరిహారం అడిగితే శాసనసభ ససేమిరా అంది. ఆయన మొండివాడన్నది నిజమే. అయినా ఆ చట్టం చేసింది ఆయన కాదు.

1770లో కోల్డెన్ మళ్లీ ఇన్‌ఛార్జిగా ఉండగా కొత్త గవర్నర్ డన్మోర్ ప్రభువు వచ్చాడు. వచ్చీరాగానే, తన నియామకం నాటి నుంచి కోల్డెన్‌కు వచ్చిన రాబడిలో సగం కక్కమన్నాడు. కోల్డెన్ ఇవ్వనన్నాడు. డన్మోర్ రాజు పేరిట ఛాన్సరీ కోర్టులో దావా వేయించాడు. ఆ కోర్టులో న్యాయమూర్తి ఎవరనుకున్నారు? గవర్నరే, అంటే సాక్షాత్తూ డన్మోరే! సలహా అడిగితే సుప్రీంకోర్టు న్యాయమూర్తులు కోల్డెన్ వైపే మొగ్గారు. 1771లో డన్మోర్ వర్జీనియాకు బదిలీ కావడంతో డబ్బు కోల్డెన్ దగ్గరే ఉండిపోయింది.

1774లో మళ్లీ పిలుపొచ్చింది. నాలుగుసార్లు పాలించినా పూర్తి స్థాయి గవర్నర్ కాలేకపోయిన కోల్డెన్, అమెరికా స్వాతంత్ర్యం ప్రకటించుకున్న రెండు నెలలకు, 1776 సెప్టెంబర్‌లో, లాంగ్ ఐలాండ్‌లోని తన ఎస్టేటులో మరణించాడు.