రాయల్ స్టాగా, జాక్ డేనియల్సా? లేబుల్ మీదున్న లెక్క

గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినోళ్ల ఇంట్లో దావత్ అంటే ధర్మపురి చుట్టుపక్కల ఊళ్లలో టేబుల్ మీద రెండు రకాల సీసాలు కనిపిస్తాయి. ఒకటి డ్యూటీ ఫ్రీలో కొన్న లీటర్ సీసా. జాక్ డేనియల్స్, జిమ్ బీమ్, బ్లాక్ లేబుల్, ఏదో ఒకటి. రెండోది ఊళ్లో వైన్స్ నుంచి తెప్పించిన ఫుల్లు. రాయల్ స్టాగో, బ్లెండర్స్ ప్రైడో. రెండు రౌండ్లు కాకముందే వాదన మొదలవుతుంది. ఫారిన్‌ది స్ట్రాంగ్ అని ఒకరంటే, కిక్కు మనదే అని ఇంకొకరు. ఫారిన్‌ది తాగితే పొద్దున తల పట్టెయ్యదని మూడో మాట. ఈ వాదన ఏళ్ల తరబడి తెగకపోవడానికి కారణం ఒక్కటే. అందరూ రుచి గురించి మాట్లాడతారు, లేబుల్ ఎవరూ చదవరు.

మన సీసా వెనక్కి తిప్పి చూడండి. ఆల్కహాల్ 42.8 శాతం అని ఉంటుంది. చాలా బ్రాండ్ల మీద పక్కనే 75 డిగ్రీల ప్రూఫ్ అని కూడా రాస్తారు. అమెరికా సీసా మీద 40 శాతం, 80 ప్రూఫ్ అని ఉంటుంది. 75 కంటే 80 ఎక్కువ కాబట్టి ఫారిన్‌దే స్ట్రాంగ్ అనుకుంటారు. కానీ ఈ రెండు ప్రూఫ్‌ల కొలత వేరు. మనది బ్రిటిష్ వాళ్లు వదిలిపోయిన లెక్క. అందులో 100 ప్రూఫ్ అంటే 57.1 శాతం ఆల్కహాల్. దానిలో ముప్పావు వంతు తీసుకుంటే వచ్చేదే 42.8. అమెరికా లెక్కలో శాతాన్ని రెండింతలు చేస్తే ప్రూఫ్ వస్తుంది, అంటే 80 ప్రూఫ్‌కు 40 శాతమే. 60 మి.లీ. పెగ్గులో మన విస్కీ నుంచి 25.7 మి.లీ. ఆల్కహాల్ లోపలికి పోతే, జాక్ డేనియల్స్ నుంచి 24 మి.లీ. పోతుంది. స్ట్రాంగ్ మన క్వార్టరే. కాకపోతే తేడా ఎంత చిన్నదంటే, పోసేవాడి చెయ్యి కాస్త వాలినా అంతకంటే ఎక్కువ తేడా వస్తుంది. అమెరికా విస్కీల్లోనూ అన్నీ 40 దగ్గర ఆగవు. మేకర్స్ మార్క్ 45 శాతం, వైల్డ్ టర్కీ 101 అయితే 50.5 శాతం.

బలంలో ఇంత దగ్గరగా ఉన్నవి రుచిలో అంత దూరం ఎందుకున్నాయి? ఈ ప్రాంతం రైతులకు ఆ జవాబు ఇట్టే అర్థమవుతుంది. ఎందుకంటే ఆ రెండు సీసాలకూ ముడిసరుకైన పంటలు జగిత్యాల చేలల్లో పండేవే.

అమెరికా వాళ్ల బూర్బన్ విస్కీ అంటే మక్కల మందు. అమెరికా చట్టం ప్రకారం అందులో వాడే గింజల్లో కనీసం 51 శాతం మక్కజొన్న ఉండాలి. మిగతాది రై, గోధుమ, మొలకెత్తించిన బార్లీ. జాక్ డేనియల్స్‌లో మక్కల వాటా 80 శాతం, బార్లీ 12, రై 8. ఆ కంపెనీ మాత్రం తన సరుకును బూర్బన్ అనదు, టెన్నెసీ విస్కీ అంటుంది. పీపాలోకి పోయేముందు మందును మేపుల్ చెక్క బొగ్గుల గుండా చుక్కచుక్కగా వడగట్టడం వారి పద్ధతి. మేకర్స్ మార్క్ వాళ్లు రై బదులు గోధుమ వేస్తారు, అందుకే అది నాలుక మీద మెత్తగా ఉంటుంది. మక్కరొట్టె తిని పెరిగినవాళ్లకు బూర్బన్‌లోని తీపి ఎక్కడిదో వేరే చెప్పనక్కర్లేదు.

మన దగ్గర చౌక విస్కీల్లో చాలావాటికి మూలం చెరుకు. చక్కెర తీశాక మిగిలే మొలాసిస్‌ను పులియబెట్టి, 96 శాతం దాకా బట్టీ పట్టి, వాసనా రుచీ దాదాపు లేని స్పిరిట్ చేస్తారు. పరిశ్రమలో దాన్ని ఈఎన్‌ఏ అంటారు. దానికి కొంత మాల్ట్ స్పిరిట్ కలిపి, నీళ్లు పోసి 42.8 శాతానికి దించి, రంగు కోసం కారమెల్ వేస్తారు. మెట్‌పల్లి దగ్గర ముత్యంపేటలోని నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడేదాకా ఈ ప్రాంతం చెరుకు అక్కడికే పోయేది. చెరుకు నుంచి తీసిన మందుకు యూరప్‌లో విస్కీ అన్న పేరు దక్కదు. అక్కడ విస్కీ అంటే ధాన్యంతోనే చెయ్యాలి, కనీసం 3 ఏళ్లు చెక్క పీపాలో ఉంచాలి. అయితే మన బ్రాండ్లన్నింటినీ ఒకే గాటన కట్టొద్దు. 1995లో వచ్చిన రాయల్ స్టాగ్, 1997లో వచ్చిన ఇంపీరియల్ బ్లూ మొలాసిస్ మీద ఆధారపడవు. ధాన్యం స్పిరిట్‌లో దిగుమతి చేసుకున్న స్కాచ్ మాల్ట్ కలుపుతారు. ఈ రెండూ తాగేవాళ్లు ‘ఇది స్మూత్‌గా ఉంది’ అంటే అది ఉత్త ప్రచారం మాయ కాదు.

రెండో తేడా పీపాది. రుచిలో పెద్ద వాటా దీనిదే. బూర్బన్‌ను ప్రతిసారీ లోపల కాల్చి మసి చేసిన కొత్త ఓక్ పీపాలోనే పొయ్యాలి. 62.5 శాతం కంటే ఎక్కువ బలంతో పొయ్యకూడదు, రంగు గానీ ఫ్లేవర్ గానీ కలపకూడదు. ఆ ఎర్రటి రంగు, వెనీలా వాసన అంతా కాలిన చెక్కదే. స్ట్రెయిట్ బూర్బన్ అని రాయాలంటే కనీసం 2 ఏళ్లు ఉంచాలి. ఒకసారి వాడిన పీపా మళ్లీ బూర్బన్‌కు పనికిరాదు కాబట్టి అవి ఓడలెక్కి స్కాట్లాండ్ పోతాయి. అక్కడ 700 లీటర్లకు మించని ఓక్ పీపాలో 3 ఏళ్లు ఉంటేనే స్కాచ్ అనిపించుకుంటుంది. మనం మెచ్చుకునే స్కాచ్ రుచిలో కొంత అమెరికా మక్కల పీపాది. స్కాచ్‌లో కారమెల్ రంగు వేసుకునే వీలుంది, బూర్బన్‌లో లేదు. ‘రంగు ముదురుగా ఉంది, పాత మందు’ అన్న మాట ఒక్క బూర్బన్ విషయంలోనే కొంతవరకు నిలుస్తుంది.

పీపాలో ఉన్న మందు ఆవిరవుతుంది కూడా. స్కాట్లాండ్ చలికి ఏడాదికి సుమారు 2 శాతం పోతుంది. బెంగళూరులో అమృత్ డిస్టిలరీ అనుభవం 10 నుంచి 12 శాతం. 100 లీటర్లు పోస్తే 3 ఏళ్లకు అక్కడ 94 లీటర్లు మిగిలితే, 10 శాతం లెక్కన ఇక్కడ 73 లీటర్లే మిగులుతాయి. అయితే ఆ వేడికే మందు చెక్కలోకి త్వరగా చొరబడి త్వరగా పండుతుంది. మన దేశపు సింగిల్ మాల్ట్ మీద 12 ఏళ్లు, 18 ఏళ్లు అన్న అంకెలు అరుదుగా కనిపించడానికి కారణం ఇదే. దాన్ని లోటు అనుకోనక్కర్లేదు. 2004లో అమృత్ తన సింగిల్ మాల్ట్‌ను మొదట విడుదల చేసింది స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలోనే. 2010 నాటి విస్కీ బైబిల్ పుస్తకంలో విస్కీ రచయిత జిమ్ ముర్రే అమృత్ ఫ్యూజన్ రకానికి ప్రపంచంలో మూడో స్థానం ఇచ్చాడు.

జనం ఇష్టం చూద్దాం. ప్రపంచంలో ఎక్కువ అమ్ముడుపోయే విస్కీ స్కాట్లాండ్‌దీ కాదు, అమెరికాదీ కాదు. 2023లో మెక్‌డోవెల్స్ నంబర్ 1 అమ్మకాలు 3 కోట్ల కేసులు దాటాయి. రాయల్ స్టాగ్‌వి 2.7 కోట్ల పైమాట. జానీ వాకర్ 2.2 కోట్ల దగ్గర, జిమ్ బీమ్ 1.7 కోట్ల దగ్గర ఉన్నాయి. కేసు అంటే 9 లీటర్లు, 12 ఫుల్లులు.

ఇక ధర. డ్యూటీ ఫ్రీ సీసా గొప్పగా అనిపించడంలో సగం మహిమ పన్నుది. దిగుమతి మద్యం మీద మన దేశం వేసే సుంకం 150 శాతం. 1,000 రూపాయల సరుకు ఓడ దిగేసరికి 2,500 అవుతుంది, రాష్ట్రం పన్నులు ఆపైన. 2025 ఫిబ్రవరిలో ఒక్క బూర్బన్‌కు దాన్ని 100 శాతానికి తగ్గించారు, అంటే 2,000. 2025 జులైలో బ్రిటన్‌తో సంతకాలైన ఒప్పందం ప్రకారం అక్కడి విస్కీ మీద సుంకం మొదట 75, పదేళ్లలో 40 శాతానికి దిగాలి. గల్ఫ్ నుంచి వచ్చే మనిషి మాత్రం 2 లీటర్ల దాకా సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. దుకాణంలో అదే సీసాకు చెల్లించే అదనపు సొమ్ములో ఎక్కువ భాగం పన్నులకే పోతుంది, పీపాలో గడిపిన ఏళ్లకు కాదు.

పొద్దున తలనొప్పి సంగతి తేల్చాలి. పులియబెట్టినప్పుడు, చెక్కలో ఉన్నప్పుడు ఆల్కహాల్‌తోపాటు పుట్టే ఇతర పదార్థాలను కంజనర్లు అంటారు. 2010లో అమెరికాలో అచ్చయిన ఒక పరిశోధనలో బూర్బన్, వోడ్కా తాగించి పోల్చారు. వోడ్కాలో కంటే బూర్బన్‌లో కంజనర్లు 37 రెట్లు. మర్నాడు ఎక్కువ బాధపడింది బూర్బన్ తాగినవాళ్లే. మన చౌక విస్కీలోని ఈఎన్‌ఏ, శుద్ధి లెక్కలో వోడ్కాకు దగ్గరి చుట్టం. కంజనర్ల లెక్క చూస్తే తల పట్టాల్సింది ఫారిన్ సీసాతోనే. మరి ఎందుకు పట్టలేదు? ఖరీదైంది, మళ్లీ దొరకదని కొంచెం కొంచెం పోసుకుంటారు. మనది అయిపోతే ఇంకో క్వార్టర్ తెప్పిస్తారు. మర్నాటి బాధను ముందుగా నిర్ణయించేది తాగిన గ్రాములే.

ఆ గ్రాములు ఇవి. 180 మి.లీ. క్వార్టర్‌లో దాదాపు 61 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. మన ఆహార భద్రతా సంస్థ లెక్కలో 10 గ్రాములు ఒక డ్రింక్, అంటే క్వార్టర్ ఆరు డ్రింకులు. 5 శాతం బీరు 650 మి.లీ. సీసాలో 26 గ్రాములు. క్వార్టర్ కొట్టినవాడు రెండు బీర్లు దాటి మూడో దాంట్లో ఉన్నట్టు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో 43.3 శాతం మద్యం తాగుతారు. దేశం సగటు 18.8. ఇందులో కల్లు తాగేవాళ్లూ కలిసే ఉన్నారు. ఏ మోతాదూ సురక్షితం కాదని 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చి చెప్పింది.

నిజంగా రెండు బ్రాండ్లను పోల్చాలంటే సోడా, ఐసు పక్కన పెట్టండి. చల్లదనం వాసనను అణిచేస్తుంది, గ్యాసు నాలుకను మొద్దుబారుస్తుంది. పేర్లు కనపడకుండా ఒకే రకం గ్లాసుల్లో ఇంకొకరి చేత పోయించుకోండి. ఒక్కోటి 30 మి.లీ., అన్నే మామూలు నీళ్లు. ముందు వాసన, తర్వాత గుటక. వెనీలా, కాలిన చక్కెర తగిలితే బూర్బన్ వైపు. పొగ వాసన వస్తే, బార్లీని పీట్ మట్టి పొగకు ఆరబెట్టిన స్కాచ్ వైపు. ఈ రెండు చిన్న పెగ్గులకే 20 గ్రాములు అయిపోతాయి. వంద మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. ఆల్కహాల్ దాటితే బండి నడపడం నేరం. మనిషి బరువును బట్టి రెండు పెగ్గులకే ఆ గీత దాటే అవకాశం ఉంది కాబట్టి, ఈ పోటీ ఇంట్లోనే పెట్టుకోవాలి.