కిస్మిస్‌తో ఫిత్రా: సా కొలత, కిలోల లెక్క

ఒక రమజాన్ చివరి జుమా నాడు మేము మింబర్‌పై నుండి ఫిత్రా తూకం 1 కిలో 633 గ్రాములని ప్రకటించాము. అది గోధుమల తూకమని చెప్పడం మరిచాము. మరునాడు ఒక సోదరుడు సరిగ్గా అంతే బరువు గల కిస్మిస్ పొట్లం తెచ్చి మా చేతిలో పెట్టారు. ఎంతో ప్రేమతో మేలురకమే కొన్నారు. అయినా పేదవారి హక్కులో సగమే చెల్లింది. తప్పు ఆయనది కాదు, మాది. అందుకే ఈ లెక్కను మొదటి నుండి వివరిస్తున్నాము.

దైవప్రవక్త (స) కాలంలో ఆహారధాన్యం, బార్లీ, ఖర్జూరం, ఎండబెట్టిన పన్నీరు, ఎండుద్రాక్ష, వీటిలో దేనినైనా ఒక సా చొప్పున ఫిత్రాగా ఇచ్చేవారని హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) తెలిపారు. ఈ ఉల్లేఖనం బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. సా తూకపురాయి కాదు, కొలపాత్ర. మన పెద్దలు సోలతోను, తవ్వతోను, మానికతోను గింజలు కొలిచినట్లే మదీనావాసులు సాతో కొలిచేవారు. మధ్యరకం మనిషి దోసిలి నిండుగా పట్టేది ఒక ముద్; నాలుగు ముద్‌లు ఒక సా.

కొలతను తూకంగా మార్చేటప్పుడే చిక్కు వస్తుంది. ఇంట్లో ఒక తవ్వ తీసుకొని చూడండి. గోధుమలు సందు లేకుండా సర్దుకుంటాయి. వదులుగా పోసిన కిస్మిస్ అదే తవ్వలో తక్కువ తూగుతుంది. అదిమి నింపితే తూకం పెరుగుతుంది. గింజతో ఉన్న ఖర్జూరాల మధ్య ఖాళీలు మిగులుతాయి. ముద్దగా నొక్కిన ఖర్జూరమైతే అదే పాత్రలో ఎంతో ఎక్కువ పడుతుంది. ఈ తేడాలు ఎరిగిన హనఫీ ఫుఖహాలు, కొలత తూకం సమానంగా ఉండే మసూరు, మాష్ వంటి పప్పుగింజలతో సాను నిర్ణయించారు.

ఇమామ్ అబూ హనీఫా (రహ్) ప్రకారం సా 8 ఇరాకీ రతల్‌లు, మిగిలిన ముగ్గురు ఇమాముల ప్రకారం 5 1/3. ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్) మదీనా వెళ్లినప్పుడు, అక్కడివారు తండ్రుల నుండి సంక్రమించిన పాత్రలను తెచ్చి చూపగా, కొలిచి చూసి తమ అభిప్రాయాన్ని మార్చుకున్నారని ఉల్లేఖనం ఉంది. వెనుకటి ఇమాములు తూచి చూడటానికి వెనుకాడలేదు!

మన దేశంలో హనఫీ ఉలమాలు అర సా గోధుమలను పౌనే దో సేర్‌గా లెక్కించారు. సేరు 933 గ్రాములు గనుక అది 1 కిలో 633 గ్రాములైంది. మరికొందరు ఉలమాలు 2 కిలోల 45 గ్రాములంటారు. ఏ లెక్క పాటించినా అర సా గోధుమలకే. ఎండుద్రాక్ష విషయంలో ఇమామ్ అబూ హనీఫా (రహ్) నుండి అర సా అనే ఉల్లేఖనం ఉన్నప్పటికీ, ఫత్వా మాత్రం ఆయన ఇద్దరు శిష్యుల మాటపై, అంటే పూర్తి సాపై ఉంది. కాబట్టి కిస్మిస్, ఖర్జూరం, బార్లీ ఇచ్చేవారు మొదటి లెక్కన 3 కిలోల 266 గ్రాములు, రెండవ లెక్కన 4 కిలోల 90 గ్రాములు ఇవ్వాలి.

“కిస్మిస్ తేలిక కదా, పాత్రకు పట్టినంతే తూచి ఇస్తే చాలదా?” అని కొందరు అడుగుతారు. నిజమైన సా పాత్రతో కొలిచి ఇస్తే అభ్యంతరం లేదు. ఆ పాత్ర లేనప్పుడు పూర్తి తూకం ఇవ్వడమే జాగ్రత్త. ఎక్కువైనది సదఖా అవుతుంది.

హైదరాబాద్ బార్కస్‌లోని షాఫయీ సోదరుల లెక్క వేరు. వారి సా చిన్నదైనా గోధుమలు కూడా పూర్తి సా ఇస్తారు. వారి తూకం విని మన తూకం తప్పనుకోవద్దు.

వెల రూపంలో ఇచ్చేవారు తాము ఇంట్లో తినే రకం కిస్మిస్ ధరను దుకాణంలో అడిగి, పైతూకంతో లెక్కకట్టి, ఇంట్లో ఒక్కొక్కరి తరఫున విడివిడిగా, ఈద్ నమాజుకు ముందే అందజేయాలి.